ఊపిరితిత్తిలో మచ్చ: టీబీయా, క్యాన్సరా, ఇంకేదైనానా? కళ్ళె పరీక్ష, బ్రాంకోస్కోపీ, ఈబస్, సూది, పెట్ సీటీల్లో ముందు ఏది?

సీటీ రిపోర్టు చివర్లో ఒక లైన్ ఉంటుంది చూడండి, "ఇన్ఫెక్టివ్ ఇటియాలజీ, లైక్లీ కాక్స్, టు రూల్ అవుట్ నియోప్లాజం" అని. కాక్స్ అంటే టీబీ, 1882లో ఆ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ పేరు మీద, పేషెంటు భయపడకుండా ఆసుపత్రుల్లో వాడే మాట. నియోప్లాజం అంటే గడ్డ, ఇక్కడ క్యాన్సర్ అనే అర్థం. అంటే టీబీ కావచ్చు క్యాన్సరూ కావచ్చు అని ఒకే లైన్లో రాసి సంతకం పెట్టేశారన్నమాట. వాళ్ళ తప్పేం లేదు, సీటీ ఫిల్మ్‌లో రెండూ ఒకేలా కనపడతాయి, మధ్యలో ఫంగస్ ఇంకోటి. కానీ ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చినవాళ్ళకి ఒక డాక్టరు బ్రాంకోస్కోపీ (గాలి గొట్టాల్లోకి సన్నటి గొట్టం పంపి చూడటం) అంటారు, ఇంకొకరు సూదితో ముక్క తీద్దాం అంటారు, తెలిసినవాళ్ళెవరో ఏకంగా పెట్ (ఒళ్ళంతా చూసే స్కాన్) తీయించెయ్యండి అన్నీ తెలిసిపోతాయి అంటారు.

నేను డాక్టర్ని కాను, మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, పద్నాలుగేళ్ళుగా జనాల కళ్ళె డబ్బాలు తెరవడమే నా ఉద్యోగం. రెండేళ్ళ కింద మా పెద్దమామయ్యకి ఇదే మచ్చ వచ్చినప్పుడు ఇంటి మనిషిగా కూడా ఈ తిరుగుడంతా తిరిగాను. కాబట్టి డాక్టర్ని ఏం అడగాలో తెలియడానికి ఇది చదవండి, డాక్టర్ బదులుగా కాదు.

టెస్ట్ పేరు కంటే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది మచ్చ ఎక్కడుంది అనేది. పెద్ద గాలి గొట్టాల పక్కనా, ఊపిరితిత్తి అంచున పక్కటెముకల దగ్గరా, లేక గుండె వెనకాల మధ్యలో ఉండే లింఫ్ నోడ్స్‌లోనా (మన వాడుకలో బిళ్ళలు)? సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది, ఎందుకంటే ఒక్కో పరికరం ఒక్కో చోటికే చేరుతుంది.

రెండోది మీ ప్రశ్న ఏంటి. "ఇది ఏంటి" అనేది ఒక ప్రశ్న, "ఎంత దూరం పాకింది" అనేది ఇంకో ప్రశ్న. వీలైతే రెండిటికీ ఒకే పోటుతో జవాబు రావాలి. అందుకే ఊపిరితిత్తిలో గడ్డ ఉండి మెడ బిళ్ళ కూడా వాచి ఉంటే ముందు మెడ బిళ్ళనే పొడుస్తారు, అక్కడ క్యాన్సర్ కణాలు దొరికితే అది క్యాన్సరేనని, అంత దూరం పాకిందని రెండూ ఒక్కసారే తేలిపోతాయి.

మూడోది, ఎవరూ చెప్పనిది, నేను మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పేది: తీసిన ముక్క ఏ డబ్బాలో పడుతుంది? ఫార్మలిన్‌లో (ముక్క కుళ్ళకుండా ఉంచే మందు) వేస్తే ముక్క గట్టిపడి పాథాలజీ వాళ్ళు మైక్రోస్కోప్ కింద చక్కగా చూస్తారు, కానీ అందులో ఉన్న క్రిమి మొత్తం చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఏమీ మొలవదు. కల్చర్‌కి కావాల్సింది మామూలు స్టెరైల్ సెలైన్‌లో వేసిన ముక్క. మా కౌంటర్‌కి వచ్చే డబ్బా మూత తియ్యగానే ముక్కుకి ఘాటుగా ఫార్మలిన్ వాసన కొడితే మాకు అర్థమైపోతుంది, ఆ మనిషిని మళ్ళీ పొడవాల్సిందే అని.

తర్వాత రిస్క్, డబ్బు, రోజులు. వీటి గురించి అందరూ ఎలాగూ అడుగుతారు కాబట్టి పట్టికలో పెట్టేస్తున్నా.

| టెస్ట్ | చేరే చోటు | ఇన్ఫెక్షన్ పట్టడంలో | క్యాన్సర్, దాని పాకుడు చెప్పడంలో | ఇబ్బంది, ఖర్చు |
|---|---|---|---|---|
| కళ్ళె | గాలి గొట్టాల్లోకి వచ్చేది | టీబీకి మొదటి మెట్టు | చాలా తక్కువ | ఏమీ లేదు, గవర్నమెంటులో టీబీకి ఫ్రీ |
| బ్రాంకోస్కోపీ, కడిగిన నీళ్ళు | గొట్టాల లోపల, వాటి చుట్టుపక్కల | చాలా బాగుంటుంది | గడ్డ గొట్టంలోకి కనపడితే బాగుంటుంది, అంచున ఉంటే కష్టం | దగ్గు, కాస్త రక్తం. సాయంత్రానికి ఇల్లు |
| ఈబస్ (అల్ట్రాసౌండ్ ఉన్న బ్రాంకోస్కోపీ) | మధ్యలోని బిళ్ళలు, గొట్టానికి ఆనుకున్న గడ్డ | బిళ్ళల టీబీకి బాగుంటుంది | పాకుడు చెప్పడంలో చాలా బాగుంటుంది | రిస్క్ తక్కువ, ఖర్చు ఎక్కువ, పెద్ద ఊళ్ళలోనే |
| సీటీ చూస్తూ సూది | అంచున ఉన్న గడ్డ | సెలైన్ డబ్బా పెడితే బాగుంటుంది | ఏంటో బాగా చెప్తుంది, పాకుడు చెప్పదు | ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు |
| పెట్ సీటీ | ఒళ్ళంతా | టీబీనీ క్యాన్సర్‌నీ విడదీయలేదు | ఎక్కడ వెతకాలో చూపిస్తుంది | పొడవడం లేదు, ప్రైవేటులో పదివేలు దాటుతుంది |
| మెడ బిళ్ళ, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు | చేతికి అందేవి | బాగుంటుంది | బాగుంటుంది, పాకుడు కూడా చెప్తుంది | అన్నిటికంటే తేలిక |

కళ్ళె: చవక అని చులకన చెయ్యొద్దు

పొద్దున్నే లేవగానే నోరు పుక్కిలించి లోపల్నుంచి దగ్గి తియ్యాలి. నూటికి ముప్ఫై డబ్బాలు మా దగ్గరికి ఉత్త ఉమ్మితో వస్తాయి అని నేను లెక్కపెట్టి చెప్పలేను గానీ అలాగే అనిపిస్తుంది. మైక్రోస్కోప్ కింద స్లైడు మీద కనపడాలంటే మిల్లీలీటర్‌కి ఐదు నుంచి పదివేల క్రిములు ఉండాలి, అందుకే స్లైడ్ నెగెటివ్ వస్తే టీబీ లేదని కాదు. సీబీనాట్, ట్రూనాట్ లాంటివి (క్రిమి డీఎన్‌ఏని పట్టే మిషన్ టెస్టులు) అంతకంటే చాలా తక్కువ ఉన్నా పడతాయి, రెండు గంటల్లోపు చెప్తాయి, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి లొంగుతుందో లేదో కూడా చెప్తాయి. ఇబ్బందల్లా పాత టీబీ ఉన్నవాళ్ళలో చచ్చిన క్రిమి డీఎన్‌ఏకి కూడా పాజిటివ్ చూపించొచ్చు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, గుర్తుపెట్టుకోండి. స్లైడ్ మీద ఎర్రటి పుల్లలు (రంగు పట్టిన టీబీ లాంటి క్రిములు) కనపడి, సీబీనాట్ మాత్రం టీబీ లేదు అంటే, అది టీబీకి దాయాది లాంటి ఇంకో జాతి క్రిమి అయ్యుండొచ్చు, ల్యాబుల్లో ఎన్‌టీఎం అంటాం. లేదా నోకార్డియా, అది కొమ్మల్లా చీలి ఉంటుంది, స్టెరాయిడ్స్ వాడేవాళ్ళలో ఎక్కువ చూస్తాం. రెండిటికీ మందులు వేరు. ఎన్‌టీఎం అని ఖాయం చెయ్యాలంటే కళ్ళె కల్చర్ రెండుసార్లు పాజిటివ్ రావాలి, లేదా బ్రాంకోస్కోపీ నీళ్ళలో ఒక్కసారి వచ్చినా చాలు, దానికి తోడు సీటీ, లక్షణాలు కూడా సరిపోవాలి.

క్యాన్సర్ కోసం మాత్రం కళ్ళె మీద ఆశ పెట్టుకోకండి.

బ్రాంకోస్కోపీ: ఇన్ఫెక్షన్ అనుమానం ఎక్కువైతే ఇదే

గొంతులో తిమ్మిరి స్ప్రే కొట్టి, కాస్త మత్తిచ్చి, ముక్కులోంచో నోట్లోంచో సన్నటి గొట్టం పంపుతారు. మచ్చ ఉన్న వైపు నూరు, నూటయాభై మిల్లీలీటర్ల సెలైన్ పోసి మళ్ళీ లాగేస్తారు, పోసిందాంట్లో సగం వచ్చినా సంతోషమే. ఆ నీళ్ళలో టీబీ, ఫంగస్, ఆస్పర్‌జిలస్ అనే ఫంగస్‌కి గెలాక్టోమానన్ టెస్టు, స్టెరాయిడ్స్ మీదున్నవాళ్ళకీ హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకీ వచ్చే న్యుమోసిస్టిస్ నెమ్ము, ఇవన్నీ చూడొచ్చు. ఒక్క శాంపిల్‌తో ఇన్ని ప్రశ్నలకి జవాబిచ్చేది ఇంకోటి లేదు. కానీ ఏయే టెస్టులు కావాలో ఫారం మీద రాయాలి, ఉత్త "కల్చర్" అని రాస్తే మేం మామూలు బ్యాక్టీరియాకి పెట్టి రెండు మూడు రోజుల్లో "నో గ్రోత్" అని ఇచ్చేస్తాం. టీబీ కల్చర్ వేరు, ఆ బాటిల్‌ని నలభై రెండు రోజులు చూస్తేగానీ నెగెటివ్ అనరు. ఫంగస్ ఇంకో ప్లేటు.

క్యాన్సర్ విషయంలో గడ్డ గొట్టంలోకి పొడుచుకొచ్చి కంటికి కనపడితే ముక్క తీయడం సులువు. అంచున రెండు సెంటీమీటర్ల మచ్చ అయితే ఆ గొట్టం అక్కడిదాకా పోదు, నెగెటివ్ వస్తే "ఏమీ లేదంట" అని కొబ్బరికాయ కొట్టేయకండి.

ఈబస్: బిళ్ళలు వాచి ఉంటే

బ్రాంకోస్కోప్ కొసకి అల్ట్రాసౌండ్ తగిలించి ఉంటుంది. గాలి గొట్టం గోడ అవతల ఉన్న బిళ్ళ స్క్రీన్ మీద నల్లగా కనపడుతుంటే, రక్తనాళాలు తప్పించుకుంటూ, సన్నటి సూదితో గోడలోంచి పొడిచి కణాలు లాగుతారు. పైన కోత ఉండదు. పూర్వం దీనికి మెడ కింద కోసి మీడియాస్టినోస్కోపీ చేసేవాళ్ళు, 1959లో కార్లెన్స్ అనే స్వీడన్ డాక్టరు పెట్టిన పద్ధతి, ఇప్పటికీ అవసరమైతే చేస్తారు. 2010లో యూరప్‌లో 241 మంది ఊపిరితిత్తి క్యాన్సర్ పేషెంట్ల మీద ఆస్టర్ అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి. నేరుగా సర్జరీతో చూస్తే పాకిన బిళ్ళల్ని నూటికి 79 కేసుల్లో పట్టుకోగలిగారు, ముందు అల్ట్రాసౌండ్ గొట్టంతో పొడిచి, అందులో ఏమీ రాకపోతే సర్జరీతో చూస్తే 94. అనవసరంగా ఛాతీ తెరిచిన ఆపరేషన్లు కూడా 18 శాతం నుంచి 7కి తగ్గాయి.

మన దగ్గర దీని విలువ ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం. ఎందుకంటే మనవాళ్ళ ఛాతీ బిళ్ళలు పాత టీబీతో కూడా వాచి ఉంటాయి. క్యాన్సర్ ఉన్న మనిషి బిళ్ళలు వాచాయి కాబట్టి స్టేజ్ మూడు, ఆపరేషన్ కుదరదు అని సీటీ చూసే చెప్పేస్తే, అదే బిళ్ళల్లో సూది పెట్టినప్పుడు క్యాన్సర్ లేకుండా ఉత్త గ్రాన్యులోమా (టీబీ లాంటి జబ్బుల్లో కణాలు గుమిగూడి కట్టే ముద్ద) వస్తే ఆ మనిషి జాతకమే మారిపోతుంది కదా. టీబీనా సార్కాయిడోసిస్సా (క్రిమి లేకుండానే గ్రాన్యులోమాలు వచ్చే జబ్బు) అనే ఇంకో గొడవ కూడా ఇక్కడే తేలుతుంది, అదీ సెలైన్ శాంపిల్ ఉంటేనే.

చేరని చోట్లు దీనికీ ఉన్నాయి. బృహద్ధమని పక్కన ఉండే బిళ్ళలు అందవు, ఊపిరితిత్తి అంచు అసలే అందదు.

సీటీ చూస్తూ సూది

అంచున ఉన్న గడ్డకి ఇదే దగ్గరి దారి. సీటీ బల్ల మీద కదలకుండా పడుకోవాలి, ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిగబట్టాలి, దగ్గు ఆగని మనిషికి కష్టం. నూటికి పదిహేను ఇరవై మందికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది, చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కొద్దిమందికి ట్యూబ్ వెయ్యాలి. ఏళ్ళ తరబడి చుట్ట, బీడీ కాల్చి ఊపిరితిత్తులు ఉబ్బిపోయినవాళ్ళకి ఈ రిస్క్ ఎక్కువ, ఉన్న ఊపిరే అంతంతమాత్రం కాబట్టి తట్టుకోవడం కూడా తక్కువ.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుంది అని మా అత్తయ్య మూడు రోజులు ఒప్పుకోలేదు. సూది దారిలో కణాలు నాటుకోవడం ఉంది గానీ చాలా చాలా అరుదు, ముక్క లేకుండా కీమో మొదలుపెట్టడం దానికంటే లక్ష రెట్లు ప్రమాదం. పైగా ఇప్పుడు ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి టెస్టులకి (క్యాన్సర్ కణాల జన్యువుల్లో మార్పులు చూసేవి) కూడా అదే ముక్క కావాలి, మన దేశంలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తి క్యాన్సర్ వాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది, వాళ్ళకి మాత్రల వైద్యం ఉంది. అందుకే చిటికెడు కణాల కంటే దారం పోగంత ముక్క నయం.

పెట్ సీటీ: అందరూ ముందు అడిగేది, చాలామందికి తర్వాత కావాల్సింది

చక్కెరకి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఎక్కిస్తారు, చక్కెర ఎక్కువ తినే కణాలు వెలుగుతాయి. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాలకి సగమైపోతుంది, అందుకే టైముకి రాకపోతే డోసు పాడైపోతుందని వాళ్ళంత కంగారు పెట్టేది. షుగర్ 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. చిక్కేంటంటే చక్కెర తినేది క్యాన్సర్ ఒక్కటే కాదు, టీబీ గ్రాన్యులోమా తింటుంది, ఫంగస్ గడ్డ తింటుంది. అన్నీ వెలుగుతాయి. ఇంకోవైపు నెమ్మదిగా పెరిగే కొన్ని క్యాన్సర్లు వెలగకపోవచ్చు, సెంటీమీటర్ కంటే చిన్నవి తప్పిపోవచ్చు. మెదడు ఎప్పుడూ చక్కెర మీదే బతుకుతుంది కాబట్టి అక్కడ పాకిందో లేదో దీంట్లో సరిగ్గా తెలీదు, దానికి ఎంఆర్‌ఐ.

టీబీయా క్యాన్సరా తేల్చుకోవడానికి పెట్‌కి డబ్బు పెట్టొద్దనే నేను అంటాను. క్యాన్సర్ అని ముక్కలో తేలాక, లేదా పొడవడానికి తేలికైన చోటు వెతకడానికి అయితే దాని విలువ దానిదే. వెలిగినంత మాత్రాన పాకినట్టు లెక్క కాదు, నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంటే వెలిగిన చోట సూది పెట్టమని అడగండి.

పక్కలో నీరు చేరినవాళ్ళ సంగతి తేలిక, ఆ నీరు తీసి ఏడీఏ (టీబీలో పెరిగే ఒక ఎంజైమ్), సీబీనాట్, కణాల పరీక్ష, సెల్ బ్లాక్ (కణాల్ని మైనంలో ముద్దగా కట్టి చూడటం) చేయిస్తారు. పది మిల్లీతో సరిపెట్టకుండా యాభై, అరవై మిల్లీ పంపమనండి. ఏడీఏ నలభై దాటితే టీబీ వైపు మొగ్గుతారు, అయినా క్యాన్సర్లలో కూడా పెరగొచ్చు. ఒకసారి కణాలు కనపడకపోతే రెండోసారి పంపడం మామూలే.

మీరు ఎవరైతే ఏది

షుగర్ ఉండి, పొలం పని చేసేవాళ్ళకి వానాకాలంలో జ్వరం, నెమ్ము వచ్చి తగ్గకపోతే మెలియాయిడోసిస్ అనే మాట డాక్టర్ చెవిన వెయ్యండి. వరి మళ్ళ మట్టిలో, నీళ్ళలో ఉండే బ్యాక్టీరియా, అచ్చం టీబీలా ఊపిరితిత్తిని తినేస్తుంది, లివర్‌లో, స్ప్లీన్‌లో చీముగడ్డలు చేస్తుంది. దీనికి పెట్టూ వద్దు ఈబసూ వద్దు, బ్లడ్ కల్చర్, కళ్ళె కల్చర్ చాలు, మామూలు ప్లేటు మీదే మొలుస్తుంది. కాకపోతే ల్యాబులో "ఏదో సూడోమోనాస్‌లే" అని పక్కన పడేసే ప్రమాదం ఉంది, మా వృత్తి గురించి నేనే చెప్తున్నా. అనుమానం ఫారం మీద రాసి ఉంటే వదలం.

అరవై దాటి, ఏళ్ళ తరబడి పొగ తాగినవాళ్ళకి అంచున గడ్డ ఉండి కళ్ళె సీబీనాట్ నెగెటివ్ అయితే "ఒక రెండు నెలలు టీబీ మందులు వేసి చూద్దాం" అన్నదానికి ఊ కొట్టకండి. ఆ రెండు నెలలు క్యాన్సర్‌వి కావచ్చు. ముక్కకే వెళ్ళండి, బిళ్ళలు కూడా వాచి ఉంటే ముందు ఈబస్ కుదురుతుందా అని అడగండి.

కీమోలో ఉన్నవాళ్ళకి, కిడ్నీ మార్చుకున్నవాళ్ళకి, స్టెరాయిడ్స్ మీదున్నవాళ్ళకి కొత్త మచ్చ వస్తే రోజులు లెక్క, బ్రాంకోస్కోపీ నీళ్ళు త్వరగా తీయించాలి. క్యాన్సర్ పేషెంటుకి వచ్చిన ప్రతి కొత్త మచ్చా క్యాన్సర్ పాకడమే అనుకోకూడదు, ఫంగస్ కావచ్చు, టీబీ తిరగబెట్టడం కావచ్చు.

ఇంకొకళ్ళున్నారు, అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చిన అమ్మానాన్నలు. అరిజోనా, కాలిఫోర్నియా మధ్య లోయ దుమ్ములో కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ ఉంటుంది, ఊపిరితిత్తిలో గుండ్రటి మచ్చ మిగులుస్తుంది, పెట్‌లో వెలగనూ వచ్చు. ఇక్కడి డాక్టర్‌కి తట్టదు, మీరే ఊరు పేరు చెప్పాలి. ల్యాబ్‌కి కూడా చెప్పండి దయచేసి, అది ప్లేటు మీద మొలిచాక మూత తీస్తే పీల్చేది మేమే.

మా మామయ్య సంగతి

షుగర్, ముప్ఫై ఏళ్ళ చుట్ట, కుడి వైపు పైన పుచ్చిన గడ్డ, బిళ్ళలు. వేరే ఊళ్ళో బ్రాంకోస్కోపీ చేసి నాలుగు ముక్కలు తీసి నాలుగూ ఫార్మలిన్‌లో వేశారు. రిపోర్ట్ "గ్రాన్యులోమా, కల్చర్ సూచించడమైనది" అని వచ్చింది, కల్చర్ చెయ్యడానికి ముక్క లేదు. టీబీ మందులు మొదలుపెట్టారు, తొమ్మిది వారాలకి ఆరు కిలోలు తగ్గాడు. అప్పుడు నాకు ఫోన్ చేశారు, అదీ పెళ్ళి కార్డు ఇవ్వడానికి చేసి మాటల్లో చెప్పారు.

మళ్ళీ బ్రాంకోస్కోపీ, దాంతోపాటే బిళ్ళలకి ఈబస్, రెండు రకాల డబ్బాలు నేనే బ్యాగులో వేసుకెళ్ళాను. బిళ్ళల్లో క్యాన్సర్ లేదు. నీళ్ళ స్లైడ్‌లో ఎర్ర పుల్లలు, సీబీనాట్ నెగెటివ్. పదహారో రోజున కల్చర్ బాటిల్ మిషన్‌లో పాజిటివ్ కొట్టింది, టీబీని గుర్తుపట్టే కార్డు మీద రెండు చుక్కలు వేస్తే కంట్రోల్ గీత ఒక్కటే వచ్చింది, టీబీ గీత రాలేదు. ఎన్‌టీఎం. మందులు మార్చారు, కల్చర్ నెగెటివ్ అయ్యాక ఇంకో ఏడాది వాడాలన్నారు, వాడుతున్నాడు, చుట్ట మానలేదు.

గదిలోకి వెళ్ళే ముందు

రక్తం పల్చబడే మాత్రలు ఏవైనా వాడుతుంటే ముందే చెప్పండి, క్లోపిడోగ్రెల్ లాంటివి కొన్ని రోజుల ముందు ఆపాల్సి రావచ్చు, కానీ స్టెంట్ ఉన్నవాళ్ళు గుండె డాక్టర్ని అడక్కుండా మీ అంతట మీరు ఆపొద్దు. నెమ్ముకి అని లెవోఫ్లాక్సాసిన్ వాడి ఉంటే అది కూడా చెప్పాలి, టీబీ క్రిమిని సగం అణిచేసి కల్చర్‌ని మోసం చేస్తుంది. "ఒక ముక్క సెలైన్‌లో వేస్తారా సార్" అని అడగండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి. బయటికొచ్చాక డబ్బాల మీద పేరు, ఎక్కడ తీసింది, తేదీ ఉన్నాయా చూడండి, సెలైన్ డబ్బా ఆ పూటే ల్యాబ్‌కి చేరాలి, సోమవారం పంపుదాంలే అని అల్మారాలో పెడితే వేరే బ్యాక్టీరియా పెరిగిపోయి అసలుది దొరకదు. వేరే ఊళ్ళో రెండో అభిప్రాయం కావాలనుకుంటే పాథాలజీ నుంచి స్లైడ్లతోపాటు మైనపు బ్లాక్ (ముక్కని మైనంలో పోసి ఉంచింది) అడిగి తీసుకోండి, మళ్ళీ పొడవకుండా దాంట్లోంచే కొత్త పొరలు కోస్తారు, ఎండలో కారులో మాత్రం పెట్టకండి, అది మైనమే.